చెరువు గట్టుకు మైకెందుకు?

మెదక్ చర్చికి బస్సు కట్టుకుని వెళ్ళే సంఘాలు చాలావరకు అక్కడితో ఆగవు. ఆరాధన ముగిశాక, చర్చి మెట్ల మీద అందరూ కలిసి ఫొటో దిగాక, బస్సులో ఎవరో ఒకరు ‘పోచారం కూడా చూసి పోదాం’ అంటారు. ఎల్లారెడ్డి వెళ్ళే దారిలో పదిహేను కిలోమీటర్లు పోతే చాలు. చుట్టూ అడవి, మధ్యలో పెద్ద చెరువు, రాతి కట్ట, ఆ కట్ట మీదుగా చల్లటి గాలి. పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? మెదక్ చర్చి పని 1914లో మొదలై, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. పోచారం కట్ట పని 1916లో మొదలై 1922లో పూర్తయింది. అంటే మంజీర లోయలోని ఒకే తరం కూలీల కాలంలో ఈ రెండూ లేచాయన్న మాట. కరవు రోజుల్లో పనికి ఆహారంగా పోస్నెట్ దొర చర్చి కట్టించాడని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. చర్చిని చూసినంత భక్తితో కాకపోయినా, ఆ చెరువును కూడా కాస్త నిలబడి చూడవలసిన వాళ్ళమే మనం.

మేము నిలబడి చూడలేదు. రెండేళ్ళ కిందటి జనవరిలో రెండు బస్సుల్లో అక్కడికి వెళ్ళాం. బస్సు దిగగానే యౌవనస్తులు జనరేటర్ దించారు, సౌండు బాక్సులు పెట్టారు, కీబోర్డు అమర్చారు. స్త్రీల సమాజం వాళ్ళు పొయ్యిలు ముట్టించారు. ‘ప్రకృతి ఒడిలో స్తుతి ఆరాధన’ అని బ్యానర్ కూడా కట్టాం. రెండు గంటలు గొంతెత్తి పాడాం. దేవుడు చేసిన సృష్టి ఎంత అద్భుతమో వాక్యం చెప్పిన వారు చెప్పారు, మేము ఆమేన్ అన్నాం. ఆ రెండు గంటల్లో చెరువు వైపు తిరిగి కూర్చున్న వారు ఒక్కరూ లేరు. అందరి ముఖాలూ స్టేజి వైపే.

కట్ట దగ్గర వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. భోజనాలప్పుడు మా సంఘ పెద్ద ఒకరు మర్యాదకి విస్తరి పట్టుకెళ్ళి ఇస్తూ, ‘ఇక్కడికి పక్షులు బాగా వస్తాయంటారు, ఏవీ కనబడవేం?’ అని అడిగారు. ఆయన నవ్వి, ‘మీ పాటలు మంచిగనే ఉన్నయి గని సారూ, మీరు పొయ్యేదాంక అవి దిగయి’ అన్నాడు. చేత్తో చూపించాడు కూడా. చెరువుకు అవతలి ఒడ్డు పైన, చాలా ఎత్తులో, ఒక గుంపు తిరుగుతూనే ఉంది. దిగబోవడం, మళ్ళీ లేవడం. మేము పాడుతున్నంతసేపూ వాటికి మేత లేదు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికీ అదే కారణం.

ఆకాశపక్షులను చూడమని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 6:26) మన సంఘాల్లో ఏడాదికి రెండుమూడు సార్లైనా ప్రసంగాంశమవుతుంది. చింత పడవద్దని చెప్పడానికి అది మనకు ఇష్టమైన వాక్యం. కానీ ప్రసంగీకులు ఆ పక్షుల మీద ఒక్క నిమిషం కూడా ఆగరు. చటుక్కున ఎగిరిపోయి ‘మీరు వాటికంటె శ్రేష్ఠులు’ అన్న భావం మీద వాలిపోతారు. ప్రభువు వరుస అది కాదు. ముందు చూడమన్నాడు, తర్వాత ఆలోచించమన్నాడు. చూడటం ఆయన చెప్పిన మొదటి పని. ఆ పనిని మనం ఏనాడూ చేయలేదు. ఉపవాసం గురించి, దశమభాగం గురించి ఎన్నో కూడికలు పెట్టాం గానీ, ఒక పక్షిని పది నిమిషాలు చూసి రండని ఏ సంఘమూ ఏ విశ్వాసికీ పని చెప్పినట్టు మాకు గుర్తులేదు.

ఆ మాట ఆయన ఎక్కడ నిలబడి చెప్పాడో కూడా గమనించాలి. గలిలయ సముద్రం అని మనం పిలిచేది నిజానికి మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువ ఉన్న చోట 13. సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా లోతున, యొర్దాను లోయలో ఉంటుంది. ఐరోపా, ఆసియా నుండి ఆఫ్రికాకు వలసపోయే పక్షులకు ఆ లోయ రాజమార్గం. ఏడాదికి రెండుసార్లు కోట్ల సంఖ్యలో పక్షులు దాని మీదుగా పోతాయి. గలిలయలో పెరిగిన పిల్లవాడెవడికైనా తల ఎత్తితే కనబడే దృశ్యమది. యిర్మీయా కూడా దాన్ని చూసినవాడే. కొంగకు తన కాలం తెలుసు గానీ నా ప్రజలకు దేవుని న్యాయవిధి తెలియదని ఆయన బాధపడ్డాడు (యిర్మీయా 8:7). మన తెలుగు బైబిల్లో అక్కడ సంకుబుడి కొంగ అని ఉంటుంది. ఆ పేరు చదివి దాటిపోయిన వాళ్ళమే అందరమూ. అది ఏ కొంగ, ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అని అడిగిన వాళ్ళం కాదు. కొంగ రాకపోకలు ఎరిగినవాడికే ఆ వాక్యంలోని చురక తగులుతుంది.

పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్ళివచ్చిన మన తెలుగువారు చాలామంది ఉన్నారు. గలిలయలో పడవ ఎక్కి పాడుతారు, యొర్దాను నీళ్ళు సీసాల్లో పట్టుకొస్తారు. తప్పేమీ లేదు. కానీ ఆ సరస్సుకు ఉత్తరాన ఉన్న హూలా లోయ కథ తెలుసుకుని వచ్చిన వారు మాకు తటస్థపడలేదు. హూలా కూడా ఒకప్పుడు సరస్సే, దాని చుట్టూ జమ్ము నిండిన చిత్తడి నేల. దోమలు, మలేరియా పోతాయని, సాగుకు భూమి దొరుకుతుందని 1951 నుండి 1958 వరకు కాలువలు తవ్వి దాన్ని ఎండగట్టారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. జరిగింది వేరు. ఎండిన నల్లమట్టి భూమిలోపలే అంటుకుని కాలింది, దుమ్మై గాలికి లేచింది, నేల కుంగింది. పైనుండి వచ్చే నీటిని వడగట్టే చిత్తడి లేకపోయేసరికి ఆ మట్టిలోని సారమంతా కొట్టుకుపోయి గలిలయ సరస్సునే పాడుచేసే ప్రమాదం వచ్చింది. చివరకు 1994లో అందులో కొంత భాగాన్ని మళ్ళీ నీటితో నింపారు. ఇప్పుడు చలికాలంలో వేలాది క్రౌంచ పక్షులు అక్కడ దిగుతాయి. ఇంకో సంగతి. ఆ చిత్తడిలో మాత్రమే ఉండే ఒక కప్ప జాతి అంతరించిపోయిందని 1996లో ప్రకటించారు. 2011లో అదే చోట అది మళ్ళీ కనబడింది. నీళ్ళు తిరిగి ఇస్తే చచ్చిందనుకున్నది కూడా బతికి బయటికి వస్తుందన్నమాట. పునరుత్థానం గురించి మాట్లాడే మనకు ఈ కప్ప కథ నచ్చాలి మరి.

అంతదూరం ఎందుకు, మన మంజీర సంగతి చూద్దాం. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా మన దగ్గరికి వచ్చి, మెదక్ సీమ చుట్టి, ఉత్తరానికి తిరిగి గోదావరిలో కలుస్తుంది. ఆ దారి పొడవునా సింగూరు, సంగారెడ్డి దగ్గర కల్పగూరు బ్యారేజి, నిజాంసాగర్. పోచారం చెరువు దాని ఉపనది మీదిది. హైదరాబాదు సంఘాల్లో బాప్తిస్మపు తొట్టెలకు ఎన్నో ఏళ్ళపాటు వచ్చిన కుళాయి నీళ్ళలో మంజీర నీళ్ళు ఉన్నాయి. కల్పగూరు దగ్గరి జలాశయం 1978 నుండి అభయారణ్యం కూడా. అక్కడ మొసళ్ళు ఉన్నాయి. మగర్ అని పిలిచే మంచినీటి మొసలి. యోబు 41వ అధ్యాయంలో దేవుడు యోబును నిలబెట్టి ప్రశ్నించిన జంతువుకు మన తెలుగు బైబిల్ వాడిన మాట మకరము. మకరం అన్న మాటే నోళ్ళలో పడి మగర్ అయింది. చలికాలం పొద్దున్నే మంజీరలోని దీవుల ఒడ్డున అది నోరు తెరుచుకుని ఎండ కాగుతుంటే దూరం నుండి చూడండి. యోబు ఎందుకు నోటి మీద చెయ్యి వేసుకున్నాడో కొంతైనా తెలుస్తుంది. (దూరం నుండి అని రాశాం. నీటి అంచుకు దిగి సెల్ఫీ తీసుకునే విశ్వాసం మాకు లేదు, మీకూ వద్దు.)

పోచారంలో ఏం చూడవచ్చో ఆ వల బాగుచేసే పెద్దాయనే మాకు కొంత నేర్పాడు. మిగతాది పుస్తకాలు చూసి తెలుసుకున్నాం. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే కొంగ ఒకటి ఉంటుంది. చూస్తే ఏదో లోపంతో పుట్టినట్టు ఉంటుంది. నత్తగుల్లను పట్టి లోపలి మాంసం లాగడానికి దానికి ఆ ముక్కే అనువు. వంకరగా పుట్టించాడని మనం అనుకున్నది పనికోసం చేసిందని తెలిసినప్పుడు, మా సంఘంలో కాలు సరిగా లేని ఒక తమ్ముడు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మేమేమీ అనలేదు, అతనూ ఏమీ అనలేదు. ఇంకా, తల మీద రెండు నల్ల పట్టీలున్న బాతులు శీతాకాలంలో మంజీర ప్రాంతపు జలాశయాలకు వస్తాయి. టిబెట్, మంగోలియా వైపు పిల్లల్ని చేసి, హిమాలయాల మీదుగా ఎగిరి ఇంతదూరం వస్తాయవి. ఏడు వేల మీటర్లు దాటిన ఎత్తులో అవి ఎగరడం పరికరాలు కట్టి మరీ నమోదు చేశారు. అంత ప్రయాణం చేసి వచ్చి, బరువు కోల్పోయి, మేత కోసం దిగబోతే కింద మన సౌండు బాక్సులు. ఆ రోజు పైన తిరిగిన గుంపు అవేనో కాదో మాకు తెలియదు. ఏవైనా వాటి ఆకలి ఆకలే కదా.

ఒడ్డున నేల మీదే గుడ్లు పెట్టే పిట్టలూ ఉన్నాయి. మనం పారేసిన బిర్యానీ ఎముకల కోసం కుక్కలు చేరతాయి. బిర్యానీ అయిపోయాక అవి ఎక్కడికి పోతాయి? ఆ గూళ్ళ దగ్గరికే. అడవి నుండి నీళ్ళకు వచ్చే జింక పిల్లల వెంట పడతాయి. గూటిలో తల్లి ఉంటే తల్లినీ పిల్లల్నీ కలిపి తీసుకోవద్దని ద్వితీయోపదేశకాండంలో ఆజ్ఞ ఉంది (22:6, 7). గూటిని చేత్తో ముట్టకుండానే ఆ ఆజ్ఞ మీరగలమని మనం థర్మాకోల్ ప్లేట్లతో రుజువు చేస్తున్నాం.

ఈ మాటలు సంఘ కమిటీలో ఎత్తినప్పుడు మాకు ఎదురైన అభ్యంతరాలు తేలికైనవి కావు. ఒక పెద్దాయన రెండవ పేతురు మూడవ అధ్యాయం తీశారు. భూమి కాలిపోబోతుంటే కొంగల లెక్క ఎందుకు, ఆత్మల లెక్క చూడండి అన్నారు. ఆయన ఆత్మల భారం నిజమైనది, ఎగతాళి చేయం. కానీ కూలిపోయే ఇల్లని తెలిసినా అద్దెకున్నవాడు గోడలు పగలగొట్టడు. ఇల్లుగలవాడు వచ్చే రోజున ఏం చెప్పుకుంటాం? పైగా అదే అధ్యాయం, ఇవన్నీ లయమైపోతాయి గనుక మీరెంత పరిశుద్ధంగా నడుచుకోవాలో చూసుకోమని అడుగుతుంది. ఇష్టం వచ్చినట్టు వాడుకోమని చెప్పదు.

ఇంకొకరు, ఇది ఆరాధనా విహారమా తేల్చండి అన్నారు. ప్రభువు పెందలకడ లేచి అరణ్యానికి వెళ్ళడం, అలసిపోయిన శిష్యులను ఏకాంతానికి రమ్మనడం (మార్కు 6:31) ఏ పద్దులో రాస్తారో మాకు తెలియదు. ఆయన బోటులోనే బోధించాడు, ఒడ్డునే చేపలు కాల్చి పెట్టాడు. కనుక చెరువు గట్టున పొయ్యి వెలిగించడమే పాపమని మేము అనం.

మూడో అభ్యంతరం మా పాస్టరమ్మ గారిది. అదే మమ్మల్ని ఎక్కువ కదిలించింది. ‘మన వాళ్ళలో చాలామందికి ఏడాదికి ఇదొక్కటే బయటికి వెళ్ళే రోజు. ఇళ్ళల్లో పాచిపని చేసే అక్కలు, భవనాల కూలీలు. ఆ ఒక్క రోజు గట్టిగా పాడుకుంటాం, నవ్వుకుంటాం అంటే నోరు మూసుకోండని చెప్పే హక్కు మనకెక్కడిది? చప్పుడు చేయకుండా పక్షుల్ని చూడటం కార్లున్న వాళ్ళ సరదా కదా’ అన్నారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఇప్పటికీ పూర్తి జవాబు ఉందని చెప్పం.

జవాబు లాంటిది ఒకటి మా సంఘంలోని ముసలమ్మ నోటి నుండి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. తన చిన్నతనంలో ఊరి చెరువు దగ్గర వాళ్ళ వాడకు వేరే రేవు ఉండేదట, ఎగువన కాదు, దిగువన. గట్టు మీద చెప్పులతో నడవనిచ్చేవారు కాదట. ‘కానీ తూము తీసేది మా నాయనే, మూసేది మా నాయనే. నీరటి పని మాదే’ అంది. తెలంగాణ ఊళ్ళ సంగతి ఎరిగినవారికి ఇది కొత్త కాదు. చెరువు కట్టను కాపాడటం, తూము దగ్గర నీళ్ళు వదలడం, రాత్రివేళ వానలో లాంతరు పట్టుకుని గండి పడిందేమోనని తిరగడం నీరటి పని. చాలా ఊళ్ళలో ఆ పని చేసింది దళితవాడల వాళ్ళే. ఊరి పంటంతా వాళ్ళ కాపలా మీద పండింది. అదే చెరువులో మంచినీళ్ళ రేవు మాత్రం వాళ్ళది కాదు.

ఆదామును తోటలో పెట్టినప్పుడు దేవుడు ఇచ్చిన పని రెండు మాటల్లో ఉంది: సేద్యపరచడం, కాయడం (ఆదికాండము 2:15). కాయడం అంటే ఏమిటో వ్యాఖ్యాన గ్రంథాలు తిరగేయనక్కర లేదు. మన తాతలు లాంతరు పట్టుకుని చేసిన పనే అది. కనుక చెరువును కాపుకాయడం, దాని రాకపోకలు ఎరిగి ఉండటం పట్నం నుండో పరదేశం నుండో వచ్చిన సరదా కాదు. అది మన ఇంటి పని. గట్టు మీద చెప్పులు వేసుకుని నడిచే స్వేచ్ఛ మన తరానికి దొరికింది. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి, మెదక్ జిల్లాలు మునిగినప్పుడు వందేళ్ళు దాటిన పోచారం కట్ట మీదుగా వరద పొర్లింది. కట్ట ఆగుతుందా అని దిగువ ఊళ్ళన్నీ ఊపిరి బిగబట్టాయి. అది ఆగింది. ఆ వార్త వింటున్నప్పుడు మాకు ఆ ముసలమ్మ నాయనే గుర్తొచ్చాడు.

కిందటి డిసెంబరులో ఒక చిన్న ప్రయోగం చేశాం. పెద్దగా ఏమీ కాదు. ముప్ఫై మందిమి తెల్లవారక ముందే బయలుదేరి పోచారం చేరుకున్నాం. జనరేటర్ లేదు. ఎర్రచీరలు, తెల్లచొక్కాలు వద్దని ముందే చెప్పాం, పక్షులు బెదురుతాయని. సూర్యుడు వీపు వెనక ఉండేలా కట్ట ఒక చివర నుండి నడవడం మొదలుపెట్టాం. గంటన్నరసేపు ఎవరూ పెద్దగా మాట్లాడకూడదని నియమం. మొదటి పావుగంట కష్టమైంది. మన సంఘాల్లో మౌనం అంటే ఎవరో ప్రార్థన మరిచిపోయారనుకుంటారు. ఒకరు దగ్గారు, ఒకరి ఫోన్ మోగింది, పిల్లలు కిసుక్కున నవ్వారు. తర్వాత ఆ పిల్లలే ముందు చూశారు. నీళ్ళలో ఎండిన మోడు మీద నల్ల పక్షి ఒకటి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది, అచ్చం సిలువ వేసినట్టు. నీటికాకి అది. ఆ తర్వాత తెల్ల కొంగలు, ఆ తర్వాత ఒక్కసారిగా ఓ పెద్ద బాతుల గుంపు మా ముందే నీటి మీద దిగింది. రెక్కలు మూసిన చప్పుడు వినబడింది. సండేస్కూల్ పిల్లలు నోటుబుక్కులో లెక్క రాశారు. వాళ్ళ లెక్క 214. టీచరు లెక్క 190. ఎవరిది సరైనదో ఇప్పటికీ వాదన నడుస్తోంది.

నడక అయ్యాక కట్టకు దూరంగా, రోడ్డు పక్క చెట్ల కింద పులిహోర తిన్నాం, పాటలు పాడాం, గట్టిగానే పాడాం, మైకు లేకుండా. పాచిపని చేసే అక్కే ఎత్తుకున్న పాట అది. ఇంట్లో వంద గొంతుల మధ్య తన గొంతు తనకే వినబడదని, ఈ రోజు వినబడిందని ఆమె అన్నారు. పాస్టరమ్మ గారు విన్నారు. తిరిగి వచ్చేటప్పుడు చెత్తంతా రెండు గోనె సంచుల్లో ఎత్తి బస్సెక్కించాం. అందులో మనది కానిది, మునుపటి వాళ్ళు వదిలింది కూడా ఉంది. ఒక సంచిలో పాత బ్యానర్ ముక్క ఒకటి దొరికింది. దాని మీద ‘ప్రకృతి ఒడిలో’ వరకే మిగిలి ఉంది. అది మాదేనేమో అని అనుమానం.

ఈసారి కల్పగూరు వెళ్దామని యౌవనస్తులు అడుగుతున్నారు, మకరాన్ని చూడాలట. రెండు బస్సులు మాట్లాడాం. జనరేటర్ సంగతి మాత్రం కమిటీలో ఇంకా తేలలేదు.